మా ఇంటి ప్రియదర్శిని

మా పెళ్ళైన కొత్తల్లో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చోవడానికి ఇంట్లో చోటుండేది కాదు. చోటంటే గజాల లెక్క కాదు. హైదరాబాద్ నల్లకుంటలో మాది రెండు గదులు, ఒక హాలు, వెనక వంటిల్లు ఉన్న అద్దె వాటా. అందులో అత్తమ్మ, మామయ్య, కాలేజీ చదువుతున్న మరిది, పెళ్ళి కావలసిన ఆడపడుచు, మేమిద్దరం. హాల్లో మామయ్యకి పడక్కుర్చీ, అత్తమ్మకి మంచం, మిగతావాళ్ళకి చాప. కోడలి చోటు వంటింటి గుమ్మం. అక్కడే కూర్చోవాలని నన్నెవరూ శాసించలేదు. అత్తమ్మ వెన్నలాంటి మనిషి. కానీ పెద్దవాళ్ళు ఎదురుగా ఉండగా వెళ్ళి భర్త పక్కన కూర్చోవాలని మా తరం ఆడపిల్లలకి తోచేది కాదు, తోచినా కాళ్ళు కదిలేవి కావు. ఆయనతో మాట్లాడాలంటే రాత్రి గది తలుపు వేసుకున్నాకే. అదీ గొంతు తగ్గించి, రేపటి పాలు, నెలాఖరు అద్దె, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం, అంతే.

పక్కపక్కన కూర్చోవాలంటే సినిమా హాలే దిక్కు. ఎప్పుడో ఒకసారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్‌కో సంధ్యకో వెళ్ళేవాళ్ళం. ఇద్దరమే వెళ్తే బాగుండదని ఆడపడుచునీ తీసుకెళ్ళేవాళ్ళం. ఆ పిల్ల తీరా వచ్చి మా ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చునేది.

అందుకే టీవీ వచ్చి ఇళ్ళలో మాటలు పోయాయని ఎవరైనా అంటే నాకు ఒప్పబుద్ధి కాదు. మా ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు మొదలైందే టీవీ వచ్చాక.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. అప్పటికి ఆయన బ్రహ్మచారి. ఆబిడ్స్‌లో ఒక షాపు అద్దాల వెనక పెట్టిన టీవీని సాయంత్రం బ్యాంకు వదిలాక రోడ్డు మీద నిలబడి చూసేవారట. నేనేమో గోదావరి వైపు పిల్లని. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారి గొంతు వింటూ పెరిగినదాన్ని. బొమ్మ మాట్లాడే పెట్టె ఒకటి ఉంటుందని తెలుసు గానీ, పెళ్ళై ఈ ఊరొచ్చాకే దాన్ని చూశాను, పై వాటా వాళ్ళింట్లో. అక్కడ శనివారం సినిమాకి మా ఇంటిల్లిపాదీ వెళ్ళి, వాళ్ళ పిల్లలు అన్నాలు తింటుంటే గోడవార నిలబడేవాళ్ళం. మామయ్య మాత్రం వచ్చేవారు కాదు. ఒకళ్ళ ఇంటికి అన్నం వేళ పోవద్దు అనేవారు.

1984 ఎండాకాలంలో ఆయన టీవీ కొన్నారు. నలుపు తెలుపుది, ఈసీ టీవీ. డయనోరా బాగుంటుందని మరిది, సాలిడెయిర్ బాగుంటుందని పై వాటా ఆయన ఎంత చెప్పినా మా ఆయన వినలేదు. దాన్ని చేసే ఈసీఐఎల్ మన ఊరి కంపెనీ, అణుశక్తి శాఖ కింద నడిచేది, అటామిక్ రియాక్టర్లకి మిషన్లు చేసేవాళ్ళకి టీవీ ఒక లెక్కా అన్నారు. రెండు మూడు నెలల జీతం అందులోకి పోయింది. బ్యాంకులో అప్పు పెట్టారని నాకు చాలాకాలం చెప్పలేదు.

రిక్షాలో తాడు కట్టి తెచ్చిన ఆ పెట్టెని ఇప్పటికీ గీసి చూపించగలను. నాలుగు కాళ్ళ స్టాండు. చెక్క పెట్టెకి రెండు వైపుల నుంచీ జరిగే తలుపులు, వాటికి తాళం. కుడివైపు చానెల్ మార్చే గుండ్రటి మీట, తిప్పితే టకటకమని చప్పుడయ్యేది. వచ్చేది ఒకటే చానెలైనా ఆడపడుచు దాన్ని అన్ని అంకెల మీదా తిప్పి చూసి తృప్తి పడేది. వెనకవైపు వేలు దూర్చి తిప్పాల్సిన మరో మీట ఉండేది. బొమ్మ కిందికి జారిపోతూ ఉంటే దాన్ని ఆపడానికి. ఆన్ చేస్తే ముందు మాట వచ్చేది, ఆ తర్వాత ఎప్పటికో బొమ్మ. ఆపితే బొమ్మంతా నడిమధ్యకి ముడుచుకుపోయి తెల్లటి చుక్కై, ఆ చుక్క ఆరిపోవడానికి కొంతసేపు పట్టేది. పక్కన ఇనప పెట్టెలో స్టెబిలైజర్. పైన నేను లేజీడైజీ కుట్టు కుట్టిన గుడ్డ. రేడియోకి ఉన్నట్టే అప్పటికి టీవీకీ లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ పుస్తకాన్ని ఆయన రేషన్ కార్డుతో పాటు బీరువాలో దాచారు.

రామంతాపూర్ టవర్ మాకు అంత దూరం కాదు. అందుకని డాబా ఎక్కి యాంటెనా తిప్పే బాధ పెద్దగా పడలేదు. ఆ భోగం మా పుట్టింటివాళ్ళు తర్వాత అనుభవించారు. 1984లో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టినప్పుడు అటువైపు పట్నాల్లో మొదట వచ్చింది ఢిల్లీ కార్యక్రమాలే. హిందీ ముక్క రానివాళ్ళు కూడా డబ్బు పోసి టీవీలు కొని, అర్థం కాని వార్తల్ని బుద్ధిగా వినేవారు. మా నాన్న అలాగే విన్నారు. ఏమర్థమైంది నాన్నా అంటే, ఏదో చెప్తున్నాడే పాపం, మనింటికొచ్చి చెప్తుంటే లేచిపోతే ఏం బాగుంటుంది అనేవారు.

టీవీకి పేరు పెట్టింది మా ఆయనే. మాయాబజార్‌లో కృష్ణుడిచ్చిన ప్రియదర్శిని పెట్టె ఉంటుంది కదా, తెరిచినవాళ్ళకి వాళ్ళు ప్రేమించేది కనపడే పెట్టె. అభిమన్యుడూ శశిరేఖా ఒకళ్ళకొకళ్ళు కనపడింది అందులోనే. 1957లో వచ్చిన ఆ సినిమా మా ఇద్దరికీ కంఠతా వచ్చు. ఆయన బ్యాంకు నుంచి వస్తూనే ప్రియదర్శిని తెరిచారా అని అడిగేవారు. మామయ్య గట్టి కాంగ్రెస్ మనిషి. ఇందిరా ప్రియదర్శిని పేరు మీద కొడుకు టీవీకి పేరు పెట్టుకున్నాడని మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మేం కాదనలేదు. టీవీ కొన్న ఏడాదే అక్టోబర్ 31న ఇందిరమ్మను చంపేశారు. నవంబర్ 3న అంత్యక్రియలు ఆ టీవీలోనే చూశాం. వీధిలో సగం మంది మా హాల్లోనే ఉన్నారు. మామయ్య పడక్కుర్చీలోంచి లేచి కింద చాప మీద కూర్చుని, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత చాలా రోజులు మేమిద్దరం ఆ పేరు నోటెత్తలేదు.

సాయంత్రాలు ఇంట్లోవాళ్ళందరివీ. ఏడింటికి తెలుగు వార్తలు. దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదటిసారి చదివినది శాంతి స్వరూప్ గారు, 1983 నవంబర్ 14న. ఎదురుగా అక్షరాలు నడిచే ప్రాంప్టర్లు లేని కాలం. చేతిలో కాగితాలుండేవి, కానీ తల వంచి చదవడం తక్కువ. వాక్యాలు బుర్రలో పెట్టుకుని మన కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. తొందర లేదు, అరుపు లేదు. మావాడెవడో పొరుగూరు వెళ్ళి వచ్చి అక్కడి సంగతులు చెప్తున్నట్టుండేది. మా ఆయనకి ఆ మనిషంటే ఎంత గౌరవమంటే, తెరమీద ఆయన నమస్కారం పెడితే ఈయన తిరిగి నమస్కారం పెట్టేవారు. శాంతి స్వరూప్ గారి భార్య రోజారాణి గారూ వార్తలు చదివేవారని తెలిశాక మా ఇద్దరికీ అదొక ముచ్చట. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో అని ఊహలు అల్లేవాళ్ళం. 2024 ఏప్రిల్‌లో శాంతి స్వరూప్ గారు పోయారన్న వార్తను ఇద్దరం పక్కపక్కన కూర్చునే విన్నాం.

శుక్రవారం చిత్రలహరి, శనివారం తెలుగు సినిమా. శనివారం మా హాలు హాలు కాదు, జాతర. చెప్పులు గుమ్మం దాటి మెట్ల మీదికి పాకేవి. సినిమా మధ్యలో వార్తలొచ్చేవి కదా, ఆ ఖాళీలో అందరికీ టీ కాచి ఇవ్వడం నా పని. నేను గ్లాసులు సర్దుకుని వచ్చేసరికి కథ ఎక్కడికో పోయేది. అందుకని శనివారం సినిమాల్లో చాలావాటికి నాకు మొదలూ చివరా తెలుసు, మధ్య తెలియదు. మంది ఉన్నారని నేను విసుక్కోలేదు. ఒకప్పుడు పై వాటా గోడవార నిలబడినదాన్ని, ఆ నిలబడే కాళ్ళ సంగతి నాకు తెలుసు. కానీ అవేవీ మా ఇద్దరి సాయంత్రాలు కావు.

మాది రాత్రి తొమ్మిది గంటలు. అప్పటికి మామయ్య పడుకునేవారు. అత్తమ్మ లోపలి గదిలోకి వెళ్ళేది. మరిది పుస్తకాల ముందు, ఆడపడుచు నిద్రలో. ఢిల్లీ నుంచి హిందీ సీరియల్ మొదలయ్యేది. పెద్దవాళ్ళకి నిద్రాభంగం కాకుండా సౌండు బాగా తగ్గించాలి. సౌండు తగ్గిస్తే దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. నాకు హిందీ రాదు కాబట్టి ఆయన చెప్పాలి. ఆయన గట్టిగా చెప్పకూడదు కాబట్టి నేను ఆయన పక్కనే కూర్చోవాలి. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ లేదు. వంటింటి గుమ్మం నుంచి ఆ చాప దాకా నేను నడిచిన దారి ఇది.

ఆయన ఈ ఊళ్ళో పెరిగిన మనిషి. ఉర్దూ కలిసిన హిందీ నీళ్ళలా వచ్చు. 1984 జూలైలో మొదలైన హమ్ లోగ్‌తో మా చదువు మొదలైంది. మధ్యతరగతి ఇల్లు, తాగుబోతు తండ్రి, పెళ్ళి కాని కూతుళ్ళు, చివర్న అశోక్ కుమార్ వచ్చి నాలుగు మంచి మాటలు. తెరమీద ఒక మాట అంటే ఆయన విని, తెలుగులోకి తిప్పి నా చెవిలో వేసేసరికి అక్కడ ఇంకో రెండు మాటలు అయిపోయేవి. నేను నవ్వే వేళకి వాళ్ళు ఏడుస్తూ ఉండేవారు. శుక్రవారం యే జో హై జిందగీ వచ్చేది. అందులో భార్యాభర్తలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునే తీరు నాకు కొత్త. మగవాణ్ణి పేరు పెట్టి పిలిచి, ఎదురు జవాబు చెప్పి, చివరికి ఇద్దరూ పడీపడీ నవ్వుకోవడం. ప్రతి వారం సతీష్ షా ఒక కొత్త వేషంలో వచ్చేవాడు. మేం నోటికి చెంగూ తువ్వాలూ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయన అంతగా నవ్వే మనిషని పెళ్ళైన మూడేళ్ళకి అప్పుడు తెలిసింది నాకు. బ్యాంకు మనిషిగా, కొడుకుగా, అన్నగా చూశానే తప్ప, ఆ నవ్వే మనిషిని చూడలేదు.

కొన్నాళ్ళకి నాకు హిందీ పట్టుబడింది. పట్టుబడ్డాక తెలిసింది, ఆయన ఇన్నాళ్ళూ చెప్పిన దాంట్లో సగం సొంత కవిత్వమని. తెరమీద భర్త కూర బాగాలేదంటే ఈయన నాకు, కూర అమృతంలా ఉందట అని చెప్పేవారు. పట్టుకుని అడిగితే, "ఇగ నీకు అర్థమైతున్నది గద, నా నౌకరీ పోయినట్టే" అన్నారు. పోలేదు. అర్థమైనా నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెప్తూనే ఉన్నారు. సొంత కవిత్వం ఇంకా పెరిగింది.

బునియాద్ అలా నవ్వుతూ చూసింది కాదు. 1986లో వచ్చింది. దేశ విభజనలో లాహోర్ వదిలి వచ్చిన కుటుంబం కథ. హవేలీరామ్, లాజో. ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళే ఘట్టం నడుస్తోంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. లోపలి గది తలుపు తెరుచుకుంది. అత్తమ్మ. నేను గబుక్కున పక్కకి జరగబోయాను. ఆమె వచ్చి, జరగనివ్వకుండా నా భుజం మీద చెయ్యేసి, నాకు అటువైపు కూర్చుంది. కాసేపు తెరవైపు చూసింది.

"మేము గూడ గిట్లనే ఎల్లినం బిడ్డా. రాత్రికి రాత్రి బండి కట్టుకొని. దీపం గూడ పెట్టలే."

రజాకార్ల రోజుల సంగతి. హుజూర్‌నగర్ దగ్గర పల్లె వాళ్ళది. నిజాం రాజ్యం దాటి జగ్గయ్యపేటలో తలదాచుకుని, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక తిరిగి వెళ్ళారట. ఇంట్లో ఉంచిన వడ్లు లేవు, దూడ లేదు, దేవుడి పటం మాత్రం గోడకే ఉంది. ఆయన పుట్టకముందు కథ. కొడుకుకే ఆ తల్లి ఎన్నడూ చెప్పలేదు. సీరియల్ అయిపోయింది, తర్వాత ఇంకేవో వచ్చాయి, ఎవరూ లేచి టీవీ ఆపలేదు. ఆ సౌండు తగ్గించిన వెలుగులో ఆమె చెప్తూ పోయింది. ఆ రాత్రి నుంచి అత్తమ్మ ఎదుట ఆయన పక్కన కూర్చోవడానికి నేను మొహమాటపడలేదు. ఆమె కూడా తన మంచం మీది నుంచే, ఆడ కూసో బిడ్డా, ఈడికెళ్ళి ఏం కనబడ్తది అనేది.

రామాయణం గురించి అందరూ రాశారు. 1987 జనవరి నుంచి ఏడాదిన్నర, ఆదివారం పొద్దున్నే వీధులు ఖాళీ అయ్యేవనీ, టీవీకి దండలు వేసేవారనీ. మా ఇంట్లోనూ అగరొత్తులు వెలిగించారు. నాకు గుర్తున్నది ఇంకొకటి. ఆ హిందీ నిండా సంస్కృతం మాటలే కావడంతో మామయ్యకి ఎవరి సాయం లేకుండానే అర్థమైపోయేది. హమ్ లోగ్ చూసినప్పుడు ఒక్క ముక్కా తెలియక లేచిపోయిన మనిషి, రామాయణానికి ముందుకి వంగి కూర్చుని, ఆయనే మాకు తిరిగి చెప్పేవారు. మా ఆయన నౌకరీ నిజంగా పోయిన గంట అదే. రాముడి వేషం దగ్గర మాత్రం వాదన తెగేది కాదు. లవకుశ చూసిన కళ్ళకి రాముడంటే రామారావే, ఆయనేమో అప్పుడు ముఖ్యమంత్రిగా సచివాలయంలో కూర్చుని ఉన్నారు. కాంగ్రెస్ మామయ్య ఆ విషయంలో మాత్రం పార్టీ మార్చేవారు. తర్వాతి ఏడాది అక్టోబర్‌లో మహాభారతం మొదలయ్యాక దుర్యోధనుడి దగ్గర అదే గొడవ, దానవీరశూరకర్ణ సాక్షిగా.

లవకుశ అంటే గుర్తొచ్చింది. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా అది. దాన్ని మేం ఇంట్లో చూసింది నలుపు తెలుపులో. ఆ లోటులోంచే మాకొక ఆట పుట్టింది. తెరమీద ఒక చీర కనపడుతుంది. బూడిద రంగులో ఉంటుంది, అన్నీ బూడిద రంగే కదా. అదేం రంగో చెప్పాలి. "గది ఆకుపచ్చ" అంటారు ఆయన. కాదు, నెమలికంఠం అంటాను నేను. ఆకుపచ్చైతే ఇంత నల్లగా రాదండీ, ఆ అంచు చూడండి, ఎర్రంచు అయితే ఇలాగే బొగ్గులా కనపడుతుంది అని నా వాదన. నేను చీరల మనిషిని, ఆయన లెడ్జర్ల మనిషి. అయినా వదిలేవారు కాదు. వార్తలు చదివే ఆవిడ చీర మీద పందెం వేసుకుంటే సాక్ష్యం ఉండేది. ఎదురింట్లో రంగుల టీవీ కొన్నాక, పొద్దున్న నీళ్ళ దగ్గర ఆ ఇంటి అమ్మాయిని అడిగేదాన్ని, నిన్న వార్తలావిడ ఏ రంగు చీర కట్టుకుందమ్మా అని. ఆ పిల్లకి ఈ పిన్నికి చీరల పిచ్చి అనిపించి ఉంటుంది. ఓడినవాళ్ళు మర్నాడు పొద్దున్న కాఫీ కలపాలి. ఆయన వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించడం ఆ పందెంతోనే మొదలైంది. అత్తమ్మ చూసి కూడా చూడనట్టు తులసికోట దగ్గరికి వెళ్ళిపోయేది.

పాత సినిమాలైతే సాక్ష్యం లేదు. అవి తీసిందే నలుపు తెలుపులో. అక్కడ మా వాదనకి అంతే ఉండేది కాదు. మాయాబజార్ మీద మరీను. దూరదర్శన్‌లో జాబులు జవాబులు అని ఒక కార్యక్రమం వచ్చేది. ఓలేటి పార్వతీశం గారు ప్రేక్షకుల ఉత్తరాలు చదివి జవాబు చెప్పేవారు. మేమిద్దరం కలిసి కార్డు రాశాం, మాయాబజార్ వెయ్యండి అని. అక్షరాలు ఆయనవి, వాక్యాలు నావి. కింద ఇద్దరి పేర్లూ రాశారు. పెళ్ళి శుభలేఖ తర్వాత మా పేర్లు పక్కపక్కన పడ్డ కాగితం అదే. వారాలు గడిచాయి. ప్రతిసారీ చెవులు రిక్కించి కూర్చోవడం, మనది కాదని లేవడం. ఒక సాయంత్రం ఆయన పాల కోసం బయటికి వెళ్ళారు. ఇటు చదివేశారు. నల్లకుంట నుంచి అని వినపడగానే నేను గరిటె పట్టుకునే వీధిలోకి పరుగెత్తాను. ఆయన సందు చివర గిన్నెతో వస్తున్నారు. నన్నలా చూసి ఇంట్లో ఎవరికో ఏదో అయిందని పాలు ఒలకబోసుకుంటూ ఉరికి వచ్చారు. వచ్చేసరికి ఇంకెవరిదో ఉత్తరం నడుస్తోంది. "ఎట్ల చదివిండ్రు, పేర్లు రెండూ చదివిండ్రా?" అని రాత్రి పడుకునేదాకా అడుగుతూనే ఉన్నారు. రెండూ చదివారు. కొన్నాళ్ళకి ఒక శనివారం మాయాబజార్ వేశారు. ఎంతమంది అడిగి ఉంటారో గానీ, మా కార్డుకే వేశారని మేం నమ్మాం. ఆ శనివారం నేను టీ కాయలేదు. ఆడపడుచు కాచింది.

కరెంటు పోవడం, అంతరాయానికి చింతిస్తున్నాం అనే అట్ట తెరమీద నిలబడిపోవడం, ఇవి కూడా ఆ కాలంలో భాగమే. ఇప్పుడు తలుచుకుంటే అవి నాకు అంతరాయాలుగా గుర్తు లేవు. బొమ్మ ఆగిన చోట ఆయన కథ అందుకునేవారు. వాడు ఇప్పుడు ఇంటికి పోతాడు చూడు, ఆమె తలుపు తియ్యదు అని. కరెంటొచ్చాక చూస్తే కథ ఎక్కడికో పోయి ఉండేది. ఆయనదే బాగుందనిపించేది చాలాసార్లు.

తర్వాత తొందర తొందరగా మారిపోయింది. ఆడపడుచుకి పెళ్ళయింది, మరిదికి ఉద్యోగమొచ్చి వెళ్ళాడు. మామయ్య పోయారు. రంగుల టీవీ వచ్చింది, రిమోట్ వచ్చింది, డాబాల మీద కేబుల్ తీగలు పాకాయి. 1995లో జెమినీ, ఆ ఆగస్టు 27న ఈటీవీ. చానెళ్ళు పెరిగాక ఒకళ్ళు కూర్చుంటే ఇంకొకళ్ళు లేవడం మొదలైంది. ఆయనకి క్రికెట్, నాకు పాటలు, పిల్లలకి బొమ్మలు. వీధిలో అందరూ ఒకే రాత్రి ఒకే కథ చూసి, మర్నాడు కుళాయి దగ్గర దాన్నే మాట్లాడుకోవడం పోయింది.

అయితే దూరదర్శనే ఇంకొకటి ఇచ్చింది. ఋతురాగాలు. యద్దనపూడి సులోచనారాణి కథ, మంజులా నాయుడు దర్శకత్వం. తెలుగులో రోజూ వచ్చే సీరియల్ అప్పటికి కొత్త. సాయంకాలం కాకముందే వచ్చేది, ఆయన బ్యాంకులో ఉండే వేళ. నేనూ అత్తమ్మా చూసేవాళ్ళం. రాత్రి అన్నాల దగ్గర ఆయన అడిగేవారు, ఇయ్యాల ఏమైంది అని. నేను చెప్పేదాన్ని. ఒక్కొక్కరి మాటా, చూపూ, చీరతో సహా. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని వినేవారు. పదేళ్ళు నా చెవిలో కథలు పోసిన మనిషికి నేను కథ చెప్పే రోజులు వచ్చాయి. నేనూ కొంచెం సొంత కవిత్వం కలిపాను. ఒక సెలవు రోజు ఆయన ఇంట్లో ఉండి చూసి, "గీమె నువ్వు చెప్పినంత మంచిది గాదే" అన్నారు.

2010 జనవరిలో మాయాబజార్‌కి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. పేపర్లో చూడగానే ఆయన టిక్కెట్లు తెచ్చారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కే వెళ్ళాం, ఇద్దరమే. హాల్లో మా వయసువాళ్ళు చాలామంది ఉన్నారు, మనవల్ని వెంటబెట్టుకుని. ప్రియదర్శిని పెట్టె తెరిచే చోట హాలంతా చప్పట్లు. నాకు మాత్రం కొంచెం కష్టంగానే ఉంది. ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే వెన్నెలని నలుపు తెలుపులో అంత చల్లగా పట్టుకున్న మనిషి, దానికి రంగు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఆయనకి నచ్చింది. నచ్చడానికి కారణం వేరే ఉంది, పాతికేళ్ళ నాటి పందెం తేలుతుందని చూస్తున్నారు. శశిరేఖ చీర ఒకటి, ఆయన ఆకుపచ్చ అన్నది, నేను నెమలికంఠం అన్నది, తెరమీదికి వచ్చింది. రెండూ కాదు.

బయటికొచ్చి ఆటో ఎక్కాం. రంగు వేసినవాళ్ళకి మాత్రం ఎవరు చెప్పారు, కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్ళూ మనలాగే అనుకుని వేసి ఉంటారు అన్నాను. "మల్ల వాళ్ళు అనుకున్నదేదో నా ఆకుపచ్చకే దగ్గరున్నది" అన్నారు ఆయన. కాదండీ, ఆ అంచు దగ్గర చూడాల్సింది మీరు, నీలం తేలింది అన్నాను. బర్కత్‌పురా దాటాం, ఫీవర్ హాస్పిటల్ దాటాం, ఆటో అబ్బాయి అద్దంలో చూసి నవ్వుకుంటున్నాడు. మర్నాడు కాఫీ ఎవరు కలపాలో ఇంటి గుమ్మం దాకా తేలలేదు. పొద్దున్న ఆయనే కలిపారు. ఓడిపోయి కాదట, ముందు లేచారు కాబట్టి.